నోరు విప్పనివ్వరు, మార్కులు మాత్రం వేస్తారు

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్‌ అసెస్‌మెంట్‌, అంటే ఏడాది మధ్యలో బడిలోనే చేసే మూల్యాంకనం) మార్కుల నమోదు గడువు దగ్గరపడిందంటే వరంగల్‌ నుంచి ఆదిలాబాద్‌ దాకా చాలా బడుల్లో ఒకటే తంతు. 20 మార్కుల్లో 5 ‘పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు’ అనే గడివి. తరగతిలో ఏనాడూ నోరెత్తని పిల్లకూ 5, ఎత్తబోతే ‘కూర్చో’ అనిపించుకున్న పిల్లవాడికీ 5. పైనుంచి కిందికి ఒకటే అంకె. ఏ మాట విని ఆ మార్కు వేశారో చెప్పగలిగేవారు ఎందరున్నారు?

తరగతికి 60 మంది, సిలబస్‌ కొండంత, చర్చ పెడితే గోల అంటారు ఉపాధ్యాయులు. ఇబ్బందులు నిజమే. జరగని చర్చకు మార్కు వేయడానికి అవి సాకు కావు.

పాఠం చెప్పడం మానేయమని మేము అనడం లేదు. సాంద్రత అంటే తెలియని పిల్లలను గుంపులుగా కూర్చోబెడితే సినిమా ముచ్చట్లే సాగుతాయి. 45 నిమిషాల పీరియడ్‌లో మొదటి 15 నిమిషాలు సూటిగా చెప్పాల్సిందే: ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత, అది నీటికన్నా తక్కువైతే వస్తువు తేలుతుంది. ఆపై బోర్డు మీద ఒక్క ప్రశ్న: రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు ఎందుకు వాడారు? 2 నిమిషాలు ఎవరికి వారు నోట్‌బుక్‌లో రాయాలి. ఈ మెట్టు ఎగరగొడితే ముందు బెంచీ ఇద్దరే మాట్లాడతారు, మిగతావారు తలూపుతారు. తర్వాత 5 నిమిషాలు పక్కవారితో, ఇద్దరిద్దరుగా. ఎనిమిది మందిని ఒక్క గుంపు చేస్తే అందులో సగం మంది చూస్తూ కూర్చుంటారు. ఇద్దరిద్దరైతే బెంచీలు జరపక్కర్లేదు, 60 మందితోనూ సాగుతుంది. మరో 10 నిమిషాలు తరగతి అంతా కలిసి. చేయెత్తినవారినే కాదు, హాజరు పట్టీలో నిన్న మాట్లాడనివారినీ పిలవాలి. ఆ తర్వాత 10 నిమిషాలు మళ్లీ ఉపాధ్యాయుడివే: తప్పులు సరిదిద్ది, ఇటుక తేలికైతే కింది గోడల మీద, పునాది మీద భారం తగ్గుతుందని తేల్చి చెప్పాలి. తేల్చకముందే గంట కొడితే తప్పు జవాబే పిల్లలతో ఇంటికి పోతుంది. చివరి 3 నిమిషాల్లో ఒక్కొక్కరి నుంచి రెండు వాక్యాల చిట్టీ తీసుకోవాలి. ఆ 5 మార్కులకు ఆధారం ఆ చిట్టీయే.

అన్నిటికన్నా తేలికైనదీ, ఎవరూ చేయనిదీ ఒకటుంది: ప్రశ్న వేశాక ఆగడం. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని, 3 సెకన్లు ఆగితే జవాబులు నిండుగా వస్తాయని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్‌ రో 1970ల్లోనే చూపారు. మన దగ్గర ‘అర్థమైందా?’ అనగానే ‘అయింది సార్‌’ అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. ఆ కేకనే భాగస్వామ్యంగా రాసుకుంటున్నారు.

భాష సంగతి మరీ బాధాకరం. ‘మీద బరువు తక్కువుంటె కింద గోడలకు ఆసాన్‌ సార్‌’ అని ఒక పిల్ల అన్నదంటే విషయం ఆమెకు పట్టుబడినట్టే. ‘ఇంగ్లిష్‌లో చెప్పు’ అనగానే తల దించుకుంటుంది, ఇక చేయెత్తదు. సెప్టెంబరు 9న కాళోజీ చిత్రపటానికి దండ వేసి తెలంగాణ భాషా దినోత్సవం జరిపే బడిలోనే మిగతా రోజుల్లో ఆ పిల్ల మాట తప్పవుతోంది. ముందు తన మాటలో చెప్పనివ్వాలి. ‘డెన్సిటీ’, ‘వెయిట్‌’ బోర్డు మీద రాసిపెట్టి, చిట్టీని ఇంగ్లిష్‌లో రాయించాలి. సర్కారు బడుల్లో పాఠ్యపుస్తకాన్ని రెండు భాషల్లో అచ్చేసి ఇస్తున్నది ఇందుకే కదా!

తప్పు ఉపాధ్యాయులది మాత్రమే కాదు. వారం వారం సిలబస్‌ ఎంత శాతమైందని నిలదీసే అధికారులు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారని ఒక్కనాడైనా అడిగారా? తరగతిలో మాట లేకుండా చేసింది మీరే, ఆ మాటకు వేసిన మార్కుల పట్టీపై సంతకం చేస్తున్నదీ మీరే. ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు పట్టీ పక్కనపెట్టి చిట్టీలు అడగండి. పిల్ల పేరు పక్కన ఆమె చెప్పిన మాట ఒక్క వాక్యమైనా లేకపోతే ఆ 5 మార్కులను వెనక్కి పంపండి.