పెళ్లితో ఆగిన చదువు, దుర్గాబాయి పట్టుదల

ఏటా జూలై 15న, పుట్టినరోజు సందర్భంగా, దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఫొటోకి దండ పడుతుంది. స్వాతంత్ర్య సమరయోధురాలు, రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు అని నాలుగు మాటలు చెప్పుకుంటాం. అన్నీ నిజమే. కానీ ఆమె చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది మాత్రం ఈ వరసలో ఎక్కడో అడుగున పడిపోతుంది. పెళ్లి వల్లో పేదరికం వల్లో బడి మానేసిన ఆడపిల్ల ఎంత వయసొచ్చినా మళ్లీ పుస్తకం పట్టుకోవచ్చని, అందుకు ఏర్పాట్లు చెయ్యాల్సింది ప్రభుత్వమేనని ఆమె గట్టిగా నమ్మారు. నమ్మి ఊరుకోలేదు, చేసి చూపించారు.

ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె బతుకు చూస్తే అర్థమవుతుంది. 1909లో రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని తేల్చి చెప్పారు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ భర్త సుబ్బారావు మరో పెళ్లి చేసుకున్నారు, 1941లో చనిపోయారు. ఆయన రెండో భార్య దిక్కులేనిదైతే ఆమెను చేరదీసి, పని నేర్పించి, సొంత కాళ్ల మీద నిలబడేలా చేసింది దుర్గాబాయే. ఆమె వ్యక్తిత్వం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఈ ఒక్క సంగతి చెప్పినంత చెప్పలేవు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. ఆయన్ని దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం మహిళలు కలుసుకోవాలని ఆ పిల్ల ఆశ. అయిదు వేల రూపాయల విరాళం ఇస్తే కాసేపు తీసుకొస్తామని నిర్వాహకులు అన్నారట. ఆ డబ్బు పోగవడానికి దేవదాసీలే తోడ్పడ్డారు. గాంధీజీ వచ్చారు, అనుకున్నదానికంటే ఎక్కువసేపే ఉన్నారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది దుర్గాబాయే. అప్పటికే ఆమె హిందీ నేర్చుకుని, తోటి ఆడవాళ్లకు నేర్పుతున్నారు. 1923 కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపిన కథ మనందరికీ తెలుసు, దాన్నే ఎక్కువగా చెప్పుకుంటాం కూడా. నాకు మాత్రం దేవదాసీల సభే ముఖ్యం. ఊరు పక్కన పెట్టిన ఆడవాళ్ల గురించి ఆ వయసులోనే ఆలోచించిన మనిషి, తర్వాత చేసిన ప్రతి పనిలోనూ వాళ్లనే ముందు పెట్టుకున్నారు.

ఉప్పు సత్యాగ్రహం నుంచి 1933 దాకా ఆమె మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైల్లో ఒంటరి గదిలో పెట్టారు, చుట్టుపక్కల హత్య కేసుల ఖైదీలు. ఆరోగ్యం దెబ్బతింది. అయితే జైల్లో ఆమెను కలచివేసింది సొంత కష్టం కాదు. తమ మీద కేసేమిటో, కోర్టులో ఏం జరిగిందో కూడా తెలియకుండా శిక్ష అనుభవిస్తున్న పేద ఆడవాళ్లను అక్కడ చూశారు. లాయరు కావాలన్న నిర్ణయానికి బీజం అక్కడే పడింది.

కానీ లాయరు కావాలంటే డిగ్రీ కావాలి, డిగ్రీకి మెట్రిక్ కావాలి. ఉద్యమంలోకి దూకి బడి వదిలేసిన ఆమెకు ఆ మొదటి మెట్టే లేదు. పాతికేళ్ల వయసుకి దగ్గర్లో, చిన్నపిల్లల పాఠాలతో మళ్లీ మొదలుపెట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు. తర్వాత బీఏ ఆనర్స్ చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, అమ్మాయిలకు హాస్టల్ లేదు కాబట్టి సీటివ్వడం కష్టమన్నారు వైస్ చాన్సలర్ సి.ఆర్.రెడ్డి. ఇక్కడే దుర్గాబాయి అంటే ఏమిటో తెలుస్తుంది. ఆమె బతిమాలుతూ కూర్చోలేదు. చదవాలని ఉండి, ఉండటానికి చోటు లేక ఆగిపోయిన అమ్మాయిలు తనకు రాయండని పేపర్లో ప్రకటన వేయించారు. ఉత్తరాలు వచ్చాయి. అలా వచ్చినవాళ్లతో కలిసి హాస్టల్ నడుపుకొన్నారు. ఇక సీటు ఇవ్వకుండా ఉండటానికి కారణం మిగల్లేదు. 1939లో ఆనర్స్, 1942లో మద్రాసులో లా డిగ్రీ అయ్యాయి.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. అక్కడ మొదట జరిగిన పనుల్లో ఒకటి ఏమిటనుకున్నారు? చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచెయ్యడం. తాను నడిచిన దారినే ఇతరులకు వేశారు.

రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది మహిళల్లో ఆమె ఒకరు. ఆ పాత్ర గురించి వేరే వ్యాసమే రాయాలి. నా దృష్టిలో ఇక్కడ చెప్పుకోవాల్సింది 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో పెళ్లయిందీ ఆ ఏడాదే. 1958లో ఆ బోర్డు వయోజన మహిళల కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి చదవాల్సిన పాఠాలు రెండేళ్లలో చెప్పి పరీక్షకు కూర్చోబెట్టే ఏర్పాటు అది. దాని వెనక లెక్క చాలా తెలివైనది. పల్లెల్లో టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు కావాలి, చదువుకున్న ఆడవాళ్లు దొరకరు. మరోపక్క వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, బడి మానేసినవాళ్లు ఏ ఆధారమూ లేకుండా ఉన్నారు. ఆ లోటుకు వీళ్లనే జవాబు చేశారు ఆమె. అదే ఏడాది స్త్రీవిద్య మీద ప్రభుత్వం వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షత వహించి, ఆడపిల్లల చదువును ప్రత్యేక సమస్యగా తీసుకోవాలని 1959 నివేదికలో సిఫార్సు చేశారు. భార్యాభర్తల తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని 1953 చైనా పర్యటన తర్వాత నుంచీ ఆమె అడుగుతూనే ఉన్నారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే చనిపోయారు.

సంక్షేమ బోర్డు ద్వారా ఆమె నడిపిన పద్ధతికి ఒక పరిమితి ఉంది, అదీ చెప్పాలి. గ్రాంటు ఇచ్చి స్వచ్ఛంద సంస్థలతో పని చేయించడం ఆమె నమ్ముకున్న మార్గం. దుర్గాబాయి లాంటి మనిషి నిలబడినచోట ఆ సంస్థ అద్భుతంగా నడుస్తుంది. అలాంటి మనిషి లేనిచోట కాగితాలు మాత్రం నడుస్తాయి. పైగా గ్రాంటుతో అందే చదువు దయ కిందకే వస్తుంది కానీ హక్కు కాదు. ఆమె తరం కొత్త దేశంలో ఉన్న కాస్త వనరులతో చేయగలిగింది చేసింది. ఆ తర్వాత దాన్ని హక్కుగా మార్చాల్సింది మనం, మార్చలేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల దగ్గరే ఆగిపోయింది. పదహారేళ్లకు పెళ్లయి, పద్దెనిమిదికి బిడ్డ తల్లయి, మళ్లీ చదువుతానన్న అమ్మాయికి ఆ చట్టంలో చోటు లేదు.

అలాంటి అమ్మాయిలు ఇప్పుడు ఎవరున్నారు అనుకోవద్దు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. దుర్గాబాయి పుట్టి పెరిగిన నేల సగటు కంటే వెనకబడి ఉంది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

బాల్యవివాహాలు ఆపడానికి అధికారులు వెళ్తారు, పీటల మీద పెళ్లి ఆపితే వార్త వస్తుంది. మంచిదే. ఆపలేకపోయిన పెళ్లిళ్ల సంగతేమిటి? ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకోవచ్చని చెప్పేస్తే సరిపోదు. చంటిబిడ్డను ఎవరు చూస్తారు, క్లాసుకు బస్సు చార్జీ ఎవరిస్తారు, అత్తింటివాళ్లకు ఎవరు నచ్చజెబుతారు? వాల్తేరులో దుర్గాబాయికి హాస్టల్ ఎలా అడ్డయిందో ఈ పిల్లలకు ఇవీ అంతే. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ బిడ్డల సంరక్షణ కేంద్రంతో కూడిన రెండేళ్ల రెసిడెన్షియల్ కోర్సును ప్రతి జిల్లాలో మొదలుపెట్టాలి. ఆగిన బాల్యవివాహాల సంఖ్య ప్రకటించినట్టే, పెళ్లయ్యాక మళ్లీ చదివి పది పాసైన అమ్మాయిల సంఖ్యను కూడా ఏటా జిల్లాలవారీగా ప్రకటించాలి. దానికి తేదీ కావాలంటే జూలై 15 ఉంది.