ముందు అడ్మిన్‌కు రూల్స్ పెట్టండి

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల గొడవలు అందరికీ తెలిసినవే. పార్కింగ్ దగ్గర మొదలై పార్టీల దాకా పాకుతాయి. ఎవరో ఒకరిని గ్రూపులోంచి తీసేస్తే ఆగుతాయి. మర్నాడు 'గ్రూప్ రూల్స్' అంటూ ఒక మెసేజ్ వస్తుంది: గుడ్ మార్నింగ్‌లు వద్దు, ఫార్వర్డ్‌లు వద్దు, రాజకీయాలు వద్దు, అందరూ మర్యాదగా ఉండాలి. రూల్స్ కావాలా అంటే కచ్చితంగా కావాలి. 2022 నుంచి ఒక్కో గ్రూపులో 1024 మంది దాకా చేరొచ్చు. అంతమందిని మొహమాటం ఒక్కటే అదుపులో పెట్టలేదు. చిక్కల్లా ఆ జాబితాలో అడ్మిన్ గురించి ఒక్క ముక్కా లేకపోవడమే.

'మనమంతా ఒక కుటుంబం, మనకు రూల్సేమిటి' అనేవాళ్లున్నారు. ఇరవై ఫ్లాట్ల బిల్డింగులో ఆ మాట చెల్లుతుంది, మెట్ల దగ్గర ఎదురుపడి తేల్చుకోవచ్చు. ఐదు టవర్ల గేటెడ్ కమ్యూనిటీలో మాత్రం రాసిన రూల్ లేకపోతే అడ్మిన్‌కు ఆ పూట ఏది తోస్తే అదే రూల్.

రాసేదైనా చూడగానే తప్పో ఒప్పో తేలేలా రాయాలి. 'రాజకీయాలు వద్దు' అంటే ఎటూ తేలదు. రెండు రోజులుగా మంజీరా నీళ్లు రావడం లేదు, కార్పొరేటర్‌ని నిలదీద్దాం అంటే అది రాజకీయమా? పార్టీ ప్రచారం, నాయకుల ఫొటోలు వద్దు, నీళ్లూ రోడ్లూ డ్రైనేజీ మీద ఎవరినైనా పేరుపెట్టి అడగొచ్చు అని రాస్తే గొడవే లేదు. 'మర్యాదగా' అన్నదీ అంతే. ఫ్లాట్ నంబరు వేసి మెయింటెనెన్స్ బాకీలు బయటపెట్టకూడదు, పనిమనిషి ఫొటో పెట్టి దొంగ అనకూడదు అని విడమరిచి రాయాలి.

శిక్ష దగ్గర వాట్సాప్ మనల్ని ఇరికిస్తుంది. టెలిగ్రామ్‌లో ఒక్క మనిషిని ఇన్ని రోజులని మెసేజ్ పెట్టనివ్వకుండా ఆపొచ్చు. వాట్సాప్ అడ్మిన్ చేతిలో ఉన్నవి మూడే: మెసేజ్ తీసేయడం, మనిషిని తీసేయడం, అందరి నోరూ ఒకేసారి కట్టేయడం. నోరు జారినందుకు మనిషిని గెంటేస్తే లిఫ్ట్ రిపేరు, ట్యాంకర్ టైము కూడా అతనికి తెలియవు. అందుకే గ్రూపులు రెండుండాలి. అడ్మిన్లు మాత్రమే రాసే ప్రకటనల గ్రూపులోంచి ఎవరినీ తీయకూడదు, చర్చల గ్రూపులోంచి మాత్రం గడువు చెప్పి తీయొచ్చు. మొదటి తప్పుకు మెసేజ్ తీసేసి కారణం గ్రూపులోనే రాయాలి. రెండోసారి వారం, మూడోసారి నెల. ఉమ్మడి వనరులపై పరిశోధనకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిందీ ఇదే. తరాల తరబడి నిలిచిన సాగునీటి వ్యవస్థల్లో శిక్ష చిన్నగా మొదలై తప్పును బట్టి పెరిగేది. అంతకంటే ముఖ్యమైన సంగతి, కాపలా కాసేవాడు రైతులకు జవాబుదారీగా ఉండేవాడు.

మన గ్రూపుల్లో లేనిది ఆ జవాబుదారీయే. వికీపీడియాలో ఒక సభ్యుణ్ణి నిరోధిస్తే ఎవరు చేశారు, ఎందుకు, ఎంతకాలం అన్నది అందరికీ కనిపించే చిట్టాలో పడుతుంది. నిరోధానికి గురైనవాడు సాధారణంగా తన చర్చాపేజీలోనే అప్పీలు రాసుకోవచ్చు. వాట్సాప్‌లో ఫలానా అడ్మిన్ తీసేశాడని కనిపిస్తుందే తప్ప కారణం ఉండదు, అడిగే చోటూ లేదు. పైగా గ్రూపు మొదలుపెట్టిన వ్యక్తిని ఎవరూ తీసేయలేరు. 2018లో కంపెనీయే తెచ్చిన ఏర్పాటిది. మన సంఘాల శాశ్వత అధ్యక్షులకు ఇంతకంటే ఏం కావాలి?

కార్పస్ ఫండ్ (ఫ్లాట్ల యజమానుల ఉమ్మడి నిధి) లెక్క అడిగిన మెసేజ్ 'నెగటివిటీ' పేరుతో మాయమవడం అందుకే. 'ఎవరో ఏదో పెడితే పోలీసులు నా మీదికొస్తారు' అనేది పాత సాకు. ఇతరుల పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన శిక్షార్హుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు తేల్చాయి. కాలనీ సంఘమైనా కుల సంఘమైనా ఉద్యోగ సంఘమైనా మన దగ్గర జబ్బు ఒకటే. కుర్చీకి గడువుండదు, మినిట్స్ పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియదు, లెక్కలడిగినవాడు ద్రోహి. గ్రూపులో జరుగుతున్నదీ అదే, కాకపోతే ఫోన్లో జరుగుతోంది.

మార్గం ఖరీదైనదేమీ కాదు. సంఘం పేరిట ఒక సిమ్ తీసుకుని ఆ నంబరుతోనే గ్రూపు మొదలుపెట్టాలి. వాట్సాప్ రెండంచెల భద్రత పిన్‌తో సహా ఆ సిమ్ ఏటా సర్వసభ్య సమావేశంలో కొత్త కార్యవర్గానికి చేతులు మారాలి. పిన్ చెప్పకుండా దిగిపోయేవాళ్లుంటారు, దాన్నీ మినిట్స్‌లో రాయించండి. రీచార్జి మరిస్తే నంబరు వేరేవాళ్లకు పోతుంది కాబట్టి ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలపండి. తీసేసిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, కారణాలతో నెలకోసారి ఒక పేజీ నోటీసు బోర్డు మీద పెట్టించండి. అప్పీలు వస్తే తీసేసిన అడ్మిన్ కాకుండా కమిటీలో వేరే ఇద్దరు చూడాలి. వచ్చే సమావేశం ఎజెండాలో దీన్ని పెయింటింగ్ కాంట్రాక్టు కంటే ముందు పెట్టించండి. పెయింటింగ్ మాట వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా ఇంకేదీ కదలదు.