ప్లంబర్ల మీద కొట్టిన యాభై

మళ్లీ వచ్చింది. "బాస్కెట్‌బాల్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరు? వాదన ముగిసింది, పది మందికి పంపండి" అని, కింద మూడు మంట బొమ్మలు. డాలస్ నుంచి ఒకరు, కూకట్‌పల్లి నుంచి ఇంకొకరు, మధ్యలో పేరు గుర్తులేని గ్రూపు ఒకటి. అందరికీ కలిపి ఒక్కసారే జవాబు ఇస్తున్నా, ఇక నాకు పంపకండి.

అందులో ఉన్నవి ఆరు ముక్కలు. ఒకటి, ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో మైకేల్ జోర్డన్ 6-0, అంటే ఆరు గెలుపులు, ఓటమి లేదు; లెబ్రాన్ జేమ్స్ 4-6 కాబట్టి చర్చే లేదు. రెండు, 1960ల్లో ఆడినవాళ్లు ప్లంబర్లూ పోస్ట్‌మేన్లూ, కాబట్టి విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కి 50.4 పాయింట్ల సగటు ఇవాళైతే 15 కూడా కాదు. మూడు, విల్ట్ వంద పాయింట్ల మ్యాచ్‌కి వీడియో లేదు, కాబట్టి కట్టుకథ. నాలుగు, బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్‌కి బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే ఆపడం) సున్నా, ఫైనల్స్ ఎంవీపీలు (ఉత్తమ ఆటగాడి ట్రోఫీలు) సున్నా. అయిదు, రసెల్ 11 టైటిళ్లూ ఎనిమిది టీముల లీగ్‌లో గెలిచినవి. ఆరు, ఇప్పుడు డిఫెన్సే లేదు, జోర్డన్ ఇవాళ ఆడితే సగటు 50.

నాలుగోది ముందు తీసేద్దాం, చీపురు చాలు. ఎన్‌బీఏ బ్లాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. ఆ గడి ఖాళీగా ఉంది నాయనా, అందులో సున్నా లేదు. ఫైనల్స్ ఎంవీపీ మొదటిసారి ఇచ్చింది కూడా 1969లోనే. అది ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కి వెళ్లింది. 2009 నుంచి ఆ ట్రోఫీకి పెట్టిన పేరు బిల్ రసెల్. గుళ్లో దేవుణ్ని పట్టుకుని "నువ్వు ఈ గుడికి ఎన్నిసార్లు వచ్చావు?" అని అడిగినట్టుంది.

మూడోది. 1962 మార్చి 2, పెన్సిల్వేనియాలోని హెర్షీ, విల్ట్ జట్టు వారియర్స్ 169, నిక్స్ 147. స్కోర్‌షీట్ ఉంది, నాలుగో క్వార్టర్ రేడియో కామెంటరీ ఉంది. విల్ట్ 63 షాట్లలో 36, 32 ఫ్రీ త్రోల్లో (ఫౌల్‌కి ఇచ్చే ఉచిత షాట్లు) 28 వేశాడు. జరిగిందా లేదా అన్న గొడవే లేదు. ఆ మ్యాచ్ విలువ తగ్గించాలంటే అసలు దారి వేరే ఉంది, అది వీళ్లకి తట్టలేదు. నిక్స్ మామూలు సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు, ఆ రాత్రి ఆడలేదు. బదులుగా దిగిన డారల్ ఇమ్‌హాఫ్ 20 నిమిషాల్లో ఆరు ఫౌళ్లతో బయటికెళ్లాడు. చివర్లో బంతి విల్ట్‌కి చేరకూడదని నిక్స్ మిగతావాళ్లని ఫౌల్ చేశారు, బంతి త్వరగా వెనక్కి రావాలని వారియర్స్ ఎదురు ఫౌళ్లు చేశారు. అప్పటికే తేలిపోయిన మ్యాచ్‌లో నడిచిన తతంగం అది. కెరీర్ మొత్తం మీద 51 శాతం ఫ్రీ త్రోలు వేసినవాడు ఆ ఒక్క రాత్రి 28 వేశాడంటే అదృష్టం కూడా తోడైంది. విల్ట్ గొప్పతనానికి సాక్ష్యంగా ఆ వందని నేనైతే వాడను.

వాడేది ఆ సీజన్ సగటునే. అందుకే రెండో ముక్క దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎక్కువ మంది నమ్ముతున్నది కూడా దాన్నే.

ముందు "ప్లంబర్" సంగతి. వేసవిలో వేరే పనులు చేసుకున్న ఆటగాళ్లు అప్పట్లో చాలామంది ఉన్నారు, నిజమే. కారణం జీతాలు. దాన్నిబట్టి యజమాని పిసినారితనం తెలుస్తుంది కానీ ఆటగాడి జంప్ షాట్ తెలియదు. మన హైదరాబాద్ క్రికెటర్లు ఎంతమంది స్టేట్ బ్యాంకు జీతం తీసుకుంటూ ఆడలేదు? వాళ్లని "బ్యాంకు గుమాస్తాల బ్యాటింగ్" అని ఎవరైనా అంటే ఇదే గ్రూపులో చెప్పులు లేస్తాయి. ఇక ఎదుట నిలబడింది ఎవరు? 1961-62లో లీగ్‌లో తొమ్మిది జట్లే. అంటే ఒకే సీజన్‌లో రసెల్ మళ్లీ మళ్లీ ఎదురయ్యేవాడు. ఆరడుగుల పదకొండు అంగుళాల వాల్ట్ బెల్లమీ ఆ ఏడే లీగ్‌లోకి వచ్చి 31.6 సగటు చేశాడు. లీగ్ మొత్తం కలిపినా వంద మందికి కాస్త అటూ ఇటూ, ఇప్పుడు 30 జట్లకి 450 దాకా. తొమ్మిది జట్ల లీగ్‌లో పదో సెంటర్‌కి చోటే ఉండదు.

ఇప్పుడు ఆ 15 అనే కాకిలెక్క. కాలాలు మార్చి లెక్కేయడానికి పద్ధతి ఉంది, కాలిక్యులేటర్ చాలు.

మొదట పేస్, అంటే మ్యాచ్‌కి ఒక జట్టుకి ఎన్ని పొసెషన్లు (బంతి చేతికొచ్చి దాడి చేసే అవకాశాలు) వస్తాయన్నది. 1961-62లో సుమారు 126, 2023-24లో 98.5. కాబట్టి 50.4ని 98.5తో హెచ్చించి 126తో భాగించండి: 39.4. విల్ట్ అభిమానులు ఇక్కడ ఆగిపోయి ఈల వేస్తారు. ఆగకూడదు, ఎందుకంటే మ్యాచ్ 48 నిమిషాలైతే ఆయన ఆడిన సగటు 48.5. ఓవర్‌టైమ్‌లు కలిశాయి కాబట్టి. 80 మ్యాచ్‌ల్లో 3,882 నిమిషాలు, ఆటకి బయట ఉన్నది ఎనిమిదంటే ఎనిమిదే. ఇవాళ ఏ కోచ్ అలా ఆడించడు, 36 వేసుకోండి. 39.4ని 36తో హెచ్చించి 48.5తో భాగిస్తే 29.2. 2023-24 స్కోరింగ్ జాబితాలో అది డాంచిచ్, యానిస్, షాయ్‌ల తర్వాత నాలుగో స్థానం. పదిహేనేదీ?

రీబౌండ్లకి, అంటే తప్పిన షాట్ బంతిని అందుకోవడానికి, పేస్ వాడితే తప్పు. రీబౌండ్ పుట్టేది తప్పిన షాట్‌ నుంచి. అప్పుడు జట్టుకి మ్యాచ్‌కి 107.7 షాట్లు, 42.6 శాతం పడేవి, అంటే 61.8 తప్పేవి. 2023-24లో 88.9 షాట్లు, 47.4 శాతం, తప్పేవి 46.8. ఆ నిష్పత్తిలో విల్ట్ 25.7 రీబౌండ్లు 19.5 అవుతాయి, 36 నిమిషాలకి కుదిస్తే 14.4. ఎవరినైనా జట్టులోకి తీసుకోవడానికి సరిపోయే అంకె.

15 ఎక్కడ పుట్టిందో నాకొక అనుమానం. ట్రూ షూటింగ్ అని ఒక కొలత ఉంది: పాయింట్లని, షాట్లూ 0.44 వంతు ఫ్రీ త్రోలూ కలిపిన మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. విల్ట్ 39.5 షాట్లు, 17 ఫ్రీ త్రోలతో 53.6 శాతం. 2023-24లో లీగ్ సగటే 58. "చూశారా, సగటు కన్నా తక్కువ" అని ఎగిరి గంతేసి ఉంటారు. కానీ ఆయన ఆడిన లీగ్ సగటు 47.9. తన కాలంవాళ్ల కన్నా 5.7 పైన. మూడు పాయింట్ల గీతే లేని కాలపు శాతాన్ని ఇప్పటి శాతం పక్కన పెట్టడం అంటే 1962 ధరల్లో ఇప్పటి జీతం లెక్కేయడం. ఈ 5.7ని తెచ్చి నేరుగా 58కి కలపడం కూడా పొరపాటే. అందరూ బాగా వేసే లీగ్‌లో తేడా చూపించడం మరింత కష్టం. 36 నిమిషాలే ఆడితే ఊపిరి మిగిలి ఆట బాగుపడేది అన్నదానికీ ఈ లెక్కల్లో గడి లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. ప్లంబర్ అన్న మాట చెత్తే, దాని వెనకున్న అనుమానం చెత్త కాదు. అప్పట్లో నల్లజాతి ఆటగాళ్ల సంఖ్య మీద రాయని పరిమితులు నడిచాయి. అమెరికా బయట నుంచి వచ్చేవాళ్లు దాదాపు లేరు. 2023-24 మొదటి రోజు జాబితాల్లో 40 దేశాలవాళ్లు 125 మంది ఉన్నారు. సెర్బియా నుంచి వచ్చి, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 41వవాడిగా ఎంపికైన యోకిచ్ లాంటివాడికి 1962లో దారే లేదు. ఈ లోటుని ఏ గుణకారమూ పూడ్చదు.

అయిదోది సగం నిజం. తక్కువ జట్లుంటే ప్లేఆఫ్ రౌండ్లూ తక్కువే. రసెల్ తొలి టైటిళ్లకి రెండు సిరీస్‌లు గెలిస్తే సరిపోయింది, ఇప్పుడు నాలుగు కావాలి. అయినా ఏడో మ్యాచ్ దాకా వెళ్లిన సిరీస్‌ల్లో ఆ చివరి మ్యాచ్ పదిసార్లు ఆడి పదీ గెలిచాడు. చివరి రెండు టైటిళ్లు కోచ్ కూడా తానే అయి గెలిచినవి. పదండి.

ఆరోది. 2004-05 నుంచి హ్యాండ్ చెక్‌కి (బంతి పట్టుకున్నవాణ్ని చేత్తో అడ్డుకోవడానికి) గట్టిగా విజిల్ వేస్తున్నారు, నిజం. జోర్డన్‌కి అది లాభమే. కానీ 2000-01 దాకా జోన్ డిఫెన్స్ నిషేధం అన్న సంగతి ఆ మెసేజ్ రాసినాయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. అప్పట్లో డిఫెండర్ తన మనిషిని వదిలేసి, నేరుగా బంతి ఉన్నవాడి మీదికి వెళ్లకుండా మధ్యలో నిలబడి కాపు కాస్తే ఇల్లీగల్ డిఫెన్స్. అందుకే ముగ్గుర్ని అవతలి పక్కకి పంపి ఒకడికి ఖాళీ కోర్టు ఇవ్వడం కుదిరింది. ఇవాళ ఆ ఖాళీలో ఇంకో మనిషి నిలబడి ఉంటాడు. పైగా జోర్డన్ 37.1 సగటు చేసిన 1986-87లో పేస్ 100.8, 2023-24 కన్నా ఎక్కువే. ఇక 50 దేన్ని దేనితో హెచ్చిస్తే వచ్చిందో!

మిగిలింది 6-0. అంకె చిన్నది, నష్టం పెద్దది. ఈ సూత్రం ప్రకారం ఫైనల్స్‌లో ఓడటం మచ్చ, అంతకు ముందే ఓడి ఇంటికెళ్తే ఏ మచ్చా లేదు. 1985, 86, 87ల్లో జోర్డన్ జట్టు మొదటి రౌండ్‌లోనే పోయింది. 1989, 90ల్లో కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో (ఫైనల్స్‌కి ముందు రౌండ్) డెట్రాయిట్ ఆపింది. 1995లో ఓర్లాండో. ఇవేవీ లెక్కలో లేవు. 2007లో 22 ఏళ్ల లెబ్రాన్ క్లీవ్‌లాండ్‌ని ఫైనల్స్‌కి లాక్కెళ్లడమేమో నేరం, డెట్రాయిట్ చేతిలో ముందే ఓడి ఉంటే గొప్పవాడు. 2016లో 73 మ్యాచ్‌లు గెలిచిన జట్టు మీద 1-3 నుంచి లేచి, పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు, బ్లాకులు అన్నిట్లోనూ రెండు జట్లలో మొదటివాడైనా అది 4-6లో ఒక అంకె, అంతే. సరే, అదే కొలత అనుకుందాం. అయితే రసెల్ జట్టులో ఆడిన హావ్లిచెక్, కేసీ జోన్స్, శాచ్ శాండర్స్ ముగ్గురూ 8-0. పంపండి మరి, శాండర్స్ బొమ్మ పెట్టి, మంటలు వేసి.

ఇంతా చెప్పి, ఒక్క సీజన్ చూపించి ఎవరు ఎక్కువంటే నా ఓటు కూడా జోర్డన్‌కే. 1987-88: సగటు 35, ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, మూడూ ఒకే ఏడు. ఆ ఏడు కూడా రెండో రౌండ్‌లో డెట్రాయిట్ చేతిలో 4-1తో ఓడాడు. మెసేజ్ లెక్కలో ఆ సీజన్‌కి గడి కూడా లేదు.