ఆన్‌లైన్ ఎంబీఏ చెల్లదంటున్న ఆ మెసేజ్‌కు నా జవాబు

నిన్న రాత్రి దుకాణం కట్టేసి ఇంటికొచ్చి ఫోన్ చూస్తే మళ్ళీ అదే మెసేజ్. ఈ నెలలో ఇది ఐదోసారి. డిగ్రీ స్నేహితుల గ్రూపులో ఒకరు పెట్టారు, మావారి తరఫు బంధువుల గ్రూపులో ఇద్దరు పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు పెట్టారు. ఇప్పుడు మా ఆడపడుచు. కింద ఒక ముక్క కూడా రాసింది: "నువ్వు చదువుతున్నావు కదా వదినా, ఇది చూశావా?" చూశానమ్మా. నాలుగుసార్లు చూసి ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను, ఎందుకో కింద చెబుతాను.

ఆ మెసేజ్ "ఆన్‌లైన్ ఎంబీఏ పేరుతో మోసం! మీవాళ్ళందరికీ పంపండి" అని మొదలవుతుంది. అందులో ఆరు పాయింట్లు. ఆన్‌లైన్ డిగ్రీ ఎక్కడా చెల్లదట. అంబానీ ఏ స్ట్రాటజీ కోర్సు చదివాడని అడుగుతుంది. స్ట్రాటజీ పెద్ద కంపెనీలకే తప్ప మామూలు వ్యాపారికి పనికిరాదట. అదంతా యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుందట. పరీక్షలు ఇంట్లో కూర్చుని కాపీ కొట్టి రాస్తారట. ముప్పై దాటాక చదువులు బుర్రకెక్కవట. చివర్లో ఒక ఫోన్ నంబరు ఉంది. చాలామంది అక్కడిదాకా చదవకుండానే ఫార్వర్డ్ చేస్తున్నారు.

నేను తెనాలిలో మావారితో కలిసి కిరాణా దుకాణం చూసుకుంటూ ఆన్‌లైన్‌లో ఎంబీఏ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో నా మనసుకు నచ్చిన పేపరు బిజినెస్ స్ట్రాటజీ, అంటే పోటీలో నిలబడడానికి వ్యాపారం ఏ దారి పట్టాలో తేల్చుకునే చదువు.

వయసు సంగతి ముందే తేల్చేస్తాను. నాకు ముప్పై ఏడు. బుర్రకెక్కుతోంది. ఇక దాని గురించి మాట్లాడను.

అంబానీ పాయింటు. ధీరూభాయి కాలేజీ మెట్లెక్కకుండానే అంత వ్యాపారం కట్టిన మాట నిజం. కానీ ఆయన తన ఇద్దరు కొడుకులనూ ఎంబీఏ చదవడానికి అమెరికా పంపారు. ముకేశ్ స్టాన్‌ఫర్డ్‌లో చేరి, తండ్రి పిలిస్తే మధ్యలో వదిలేసి వచ్చి ఫ్యాక్టరీ పనిలో దిగారు. అనిల్ వార్టన్‌లో పూర్తిచేశారు. చదువు అనవసరమని ధీరూభాయే అనుకుని ఉంటే కొడుకులను అంతదూరం ఎందుకు పంపుతారు? మెసేజ్ రాసినవాళ్ళు సగం కథే రాశారు.

స్ట్రాటజీ పెద్ద కంపెనీలకేనన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నేనూ మొదట అలాగే అనుకున్నాను. మొదటి పాఠంలో హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1979 లో చెప్పిన, ఏ వ్యాపారం మీదైనా ఒత్తిడి తెచ్చే ఐదు శక్తుల బొమ్మ చూపించారు. పోటీదారులు, కొత్తగా వచ్చేవాళ్ళు, సరుకు ఇచ్చేవాళ్ళు, కొనేవాళ్ళు, మన సరుకుకు బదులు దొరికే మరో సరుకు. ఇది కార్లు తయారుచేసేవాళ్ళ గోల, మనకెందుకనుకున్నాను. అసైన్‌మెంట్‌లో మాత్రం ఎవరి వ్యాపారం వాళ్ళు తీసుకుని ఆ ఐదూ రాయమన్నారు. పదిహేనేళ్ళుగా కూర్చుంటున్న దుకాణమే కదా, గంటలో అయిపోతుందనుకున్నాను. నాలుగు రాత్రులు పట్టింది.

సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గరే నా కలం ఆగిపోయింది. మేం పదకొండు ఏజెన్సీల దగ్గర సరుకు తీసుకుంటాం, అందరి దగ్గరా అరువే. అరువు దొరకడం మా పలుకుబడి అనుకునేవాళ్ళం. డీమార్ట్ సూపర్‌మార్కెట్ల మీద పాఠం చదివాక ఆ నమ్మకం కదిలింది. 2002 లో మొదలైన ఆ సంస్థ దుకాణాలను చాలావరకు అద్దెకు తీసుకోదు, సొంతంగా కట్టుకుంటుంది. సరుకు ఇచ్చినవాళ్ళకు త్వరగా డబ్బు చెల్లించి, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటుంది. ఆ తగ్గిన ధరను కొనేవాళ్ళకు ఇస్తుంది. అంటే అరువు ఊరికే వచ్చేది కాదు, దాని ఖరీదు ధరలోనే కలిసి ఉంటుంది. ఇది మావారికి చెబితే "మనకు అంత డబ్బెక్కడిది?" అన్నారు. అదీ నిజమే. అందుకే నూనె, పప్పుల ఏజెన్సీలు రెండింటికి మాత్రం సరుకు దిగిన రోజే డబ్బు ఇస్తామని మాట్లాడాం. దానికి డబ్బు కావాలి కాబట్టి, ఆరు నెలలైనా కదలని ఫ్యాన్సీ సరుకు ర్యాక్ తీసేశాం. ఆ ర్యాక్ మా అత్తగారు ముచ్చటపడి పెట్టించింది. దాన్ని తీయించడం నాకు పరీక్ష రాయడం కంటే కష్టమైంది. ఏం చేయాలో ఎవరైనా చెబుతారు, ఏం మానెయ్యాలో కూర్చుని తేల్చుకోవడం నాకు ఈ పేపరు నేర్పింది. ఇది మామూలు వ్యాపారికి పనికిరాదా?

మన తెలుగువాళ్ళ ఉదాహరణ కావాలంటే ఈనాడు ఉంది. రామోజీరావు 1974 ఆగస్టు 10 న ఆ పత్రికను విశాఖపట్నంలో మొదలుపెట్టారు. అప్పటికి తెలుగు పేపర్లు విజయవాడలో అచ్చయి అక్కడికి చేరేసరికి పొద్దెక్కేది. తెల్లవారేసరికి ఇంటి గుమ్మంలో పేపరు ఉంటే చాలు, పాఠకుడు మారతాడని ఆయన లెక్క. పెద్ద పత్రికలు బలంగా ఉన్న ఊరు వదిలేసి, అవి ఆలస్యంగా చేరే ఊరు ఎంచుకున్నారు. ఆయన ఎంబీఏ చదివినవారు కాదు, ఒప్పుకుంటాను. అలాంటి చూపు పుట్టుకతో ఉన్నవాళ్ళకు కోర్సు అక్కర్లేదు. నాకు లేదు. నేర్చుకోవాలి.

యూట్యూబ్‌లో ఉచితమన్నది పూర్తిగా నిజం. ఇంకా మంచి చోటు చెబుతాను: ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్. ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన స్ట్రాటజీ పాఠాలు ఉన్నాయి, చేరడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి సెంటర్‌కు వెళ్ళి పరీక్ష రాయాలి. డిగ్రీ అవసరం లేనివాళ్ళు అక్కడే చదువుకోండి, లక్షలు పెట్టకండి. నేను ఈ మాట అంటానని మెసేజ్ పంపినవాళ్ళు అనుకుని ఉండరు. కాకపోతే ఉచితంగా మొదలుపెట్టినవాళ్ళలో చివరిదాకా వెళ్ళేది చాలా కొద్దిమంది. హార్వర్డ్, ఎంఐటీ ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019 లో బయటికొచ్చాయి. 2017-18 లో చేరినవాళ్ళలో పూర్తిచేసింది 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్ళలో 46 శాతం. అంటే డబ్బు కట్టినా సగానికి పైగా ఆగిపోయారు, అదీ చెప్పాలి. నన్ను లాగింది ఫీజు, గడువు తేదీ, మార్కులు. ఇవి లేకపోతే రాత్రి పదకొండింటికి దుకాణం లెక్కలు ముగించి నేను కేసు స్టడీ తెరిచేదాన్ని కాదు.

కాపీ విషయం. పరీక్ష నిఘాలోనే జరగాలని నిబంధన ఉంది. మా పరీక్షలో కెమెరా మొహం మీదే ఉంటుంది, పక్కకు చూస్తే హెచ్చరిక వస్తుంది. అయినా కాపీ కొట్టేవాడు కొడతాడు, రెగ్యులర్ కాలేజీలో స్లిప్పులు పెట్టినట్టే. ఇంతకంటే పెద్ద లోటు ఒకటుంది, మెసేజ్ దాన్ని పట్టుకోలేదు. స్ట్రాటజీ వాదించుకుని నేర్చుకోవాల్సిన సబ్జెక్టు. రికార్డు చేసిన వీడియోతో వాదించలేం. ఆదివారం లైవ్ క్లాసుకు మేం అరవైమంది ఉంటే మైకు తీసి మాట్లాడేది నలుగురైదుగురు. క్లాసులో పక్కపక్కన కూర్చుని చదివినవాళ్ళకు దొరికేది నాకు దొరకలేదు. ఆ బాధ నాకుంది.

ఇప్పుడు అసలు పాయింటు. "ఆన్‌లైన్ డిగ్రీ ఎక్కడా చెల్లదు."

ఇది అబద్ధం. దేశంలో యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2020 లో ఇచ్చిన ఆన్‌లైన్, దూరవిద్య నిబంధనల్లో 22 వది చదవండి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో ఇచ్చిన డిగ్రీ, పీజీ రెగ్యులర్ వాటితో సమానమని అందులోనే ఉంది. జనానికి అనుమానాలు పోలేదని 2022 సెప్టెంబరులో యూజీసీ ఇదే మాటను మళ్ళీ పబ్లిక్ నోటీసుగా ఇచ్చింది. ఇంకేం కావాలి? దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982 లో హైదరాబాద్‌లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమే పెట్టుకుంది. అలాంటి గడ్డ మీద ఉండి, ఇంటి దగ్గర చదివిన చదువు చదువే కాదని నలభై ఏళ్ళ తర్వాత మనమే ఫార్వర్డ్ చేసుకుంటున్నాం.

చెల్లనివి ఏవో కూడా చెబుతాను. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, లా లాంటివి ఆన్‌లైన్ డిగ్రీగా ఇవ్వడానికి అనుమతి లేదు. పీహెచ్‌డీ కూడా అంతే. విదేశీ యూనివర్సిటీ పేరుతో ఇక్కడి ఎడ్‌టెక్ కంపెనీ, అంటే ఆన్‌లైన్ చదువుల వ్యాపారం చేసే కంపెనీ, అమ్మే డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో యూజీసీ హెచ్చరించింది. అందుకే చేరేముందు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం, మూడూ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఐదు నిమిషాల పని. ఒక విషయంలో మెసేజ్ వాళ్ళ కోపం నాకూ ఉంది. ఒక ఎడ్‌టెక్ వాళ్ళు మూడు వారాలు రోజూ ఫోన్ చేసి, ప్రతిరోజూ "ఈ రోజే ఆఖరు మేడమ్" అని టెన్షన్ పెట్టారు. ఈఎంఐ అని చెప్పి నాతో లోన్ కాగితం మీద సంతకం పెట్టించబోయారు. అలాంటివాళ్ళను తిట్టండి, నేనూ తిడతాను.

కానీ ఈ మెసేజ్ రాసింది అలాంటి కోపంతో కాదు. ఆఖరి లైను చదవండి: "రెగ్యులర్ ఎంబీఏ డిగ్రీయే కావాలంటే ఆరు నెలల్లో, క్లాసులు లేకుండా ఇప్పిస్తాం, ఈ నంబరుకు కాల్ చేయండి." ఎంబీఏ అంటే మామూలుగా రెండేళ్ళు. ఆరు నెలల్లో పాత తేదీ వేసి ఇచ్చే కాగితాన్ని డిగ్రీ అనరు, దొంగ సర్టిఫికెట్ అంటారు. వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది. చెల్లే డిగ్రీని చెల్లదని భయపెట్టి, చెల్లనిదాన్ని అమ్ముకుంటున్నారు. దాన్ని మనం "జాగ్రత్త" అంటూ మన వాళ్ళకే పంపుతున్నాం!

ఇక ఊరుకోలేను అన్నది ఇందుకే. సత్తెనపల్లిలో మా పిన్ని కూతురు ఒక ఆఫీసులో అకౌంట్లు రాస్తుంది. ఇద్దరు చిన్న పిల్లలు. గుంటూరు వెళ్ళి కాలేజీలో చదివే వీలు లేదు. ఈసారి ఆన్‌లైన్ ఎంబీఏలో చేరాలని ఆ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో డెబ్ ఐడీ (చేరడానికి ఉండాల్సిన నంబరు) చేసుకుంది, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసింది, ఫీజు కట్టడమే మిగిలింది. వాళ్ళ మామయ్యగారి ఫోన్‌కు ఈ మెసేజ్ వచ్చింది. "చెల్లని కాగితానికి అంత డబ్బెందుకమ్మా?" అన్నారాయన. పెద్దాయన చెడ్డవారు కాదు, కోడలి డబ్బు పోకూడదనే అన్నారు. అది ఎదురు చెప్పే పిల్ల కాదు. ఆఖరు తేదీ దాటిపోయింది. నాకు చెప్పింది కూడా ఆ తర్వాతే. "పోనీలే అక్కా, వచ్చే ఏడు చూద్దాం" అంది.

వచ్చే ఏడు దాకా ఎందుకు? జనవరి సెషన్ ఉంది. ఈ ఆదివారం సత్తెనపల్లి వెళ్తున్నాను. యూజీసీ నోటీసు ప్రింటు తీయించాను. ముందు దాన్ని మామయ్యగారికి చూపించి, ఆ తర్వాత ఆయన ఫోన్‌లోనే ఆ జాబితా తెరిచి యూనివర్సిటీ పేరు ఆయన చేతే వెతికిస్తాను.