సవరణ: సౌత్‌డేల్ తొలి శివారు మాల్ కాదు

మద్దిలపాలెం మాల్ గురించి గతంలో రాసిన వ్యాసంలో, నగర శివార్లలో వెలసిన తొలి షాపింగ్ కేంద్రం అమెరికాలోని సౌత్‌డేల్ అనీ, దాని రూపశిల్పి విక్టర్ గ్రూయెన్ అమెరికాలోనే పుట్టారనీ రాశాను. రెండూ తప్పే, పాఠకులు మన్నించాలి.

గ్రూయెన్ 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు. నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో అమెరికాకు వలస వెళ్లారు. డెట్రాయిట్ శివార్లలో ఆయనే రూపొందించిన నార్త్‌లాండ్ 1954లోనే తెరుచుకుంది, కాకపోతే అక్కడ దుకాణాల మధ్య దారులకు పైకప్పు లేదు. మిన్నెసోటా రాష్ట్రంలోని ఈడైనాలో 1956 అక్టోబరులో ప్రారంభమైన సౌత్‌డేల్ ప్రత్యేకత వేరు: బయట మంచు గడ్డకట్టే రోజుల్లోనూ లోపల హాయిగా తిరిగేలా దుకాణాలన్నిటినీ ఒకే కప్పు కిందికి తెచ్చి, వాటి ముఖాలను లోపలికి తిప్పి, నడిమి ప్రాంగణంలో చెట్లను, నిలువెత్తును మించిన పక్షుల పంజరాన్ని అమర్చారు. మే నెల మధ్యాహ్నం, ఒంటికి అంటుకుపోయిన చొక్కాతో మద్దిలపాలెంలో అద్దాల తలుపు తోయగానే ముఖానికి తగిలే చల్లగాలికి మూలం ఆ ఏర్పాటే. అక్కడ చలి తప్పించుకోవడానికి పుట్టినది ఇక్కడ ఉక్కపోతకు పనికొచ్చింది.

గ్రూయెన్ తన సృష్టిని చివరిదాకా సమర్థించారన్న అర్థం వచ్చేలా రాసిన వాక్యాన్ని కూడా తొలగిస్తున్నాను. మాల్ చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రి ఉండాలని ఆయన కోరుకున్నారు; పార్కింగ్ స్థలాలే మిగలడం చూసి, తర్వాతి కాలంలో ఆ మాల్స్‌తో తనకు సంబంధం లేదని బహిరంగంగానే ప్రకటించారు.