బాత్రూం గడియ గారికి

మహారాజశ్రీ గడియ గారికి, విజయనగరం నుంచి ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాయునది.

తమరు చూడ్డానికి బెత్తెడు ఇనప ముక్కే గానీ, తమరి పలుకుబడి ఎంతదో నాకు 2020లో తెలిసింది. నౌకాదళంలో మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొలువు, ఇవ్వాలన్న కేసులో, రష్యా నుంచి తెచ్చిన కొన్ని ఓడల్లో ఆడవాళ్లకు బాత్రూములు లేవని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. తుపానుకి జంకని యుద్ధనౌక తమరి దగ్గర లంగరేసింది! మార్చిలో కోర్టు ఆ వాదన కొట్టేసిందనుకోండి.

అంతకు నెల ముందు ఆర్మీలో ఆడ ఆఫీసర్ల కేసులో కేంద్రానిదే ఇంకో మాట. జవాన్లు ఎక్కువమంది పల్లెటూరి వాళ్లట, ఆడ ఆఫీసరు ఆజ్ఞాపిస్తే వాళ్ల మనసు ఒప్పుకోదట. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జవాన్లను నేనెరుగుదును. సెలవు మీద ఇంటికొస్తే అమ్మని అడక్కుండా సంతకు కూడా వెళ్లరు.

సరే, తమరి సంగతి. మా చిన్నప్పుడు ఊళ్లో ఆడవాళ్లు తెల్లారకముందే చెంబు పట్టుకుని చెరువు గట్టుకెళ్లేవారు. అక్కడ తలుపూ లేదు, తమరూ లేరు. వాళ్ల మర్యాద గురించి అప్పుడెవరూ అఫిడవిట్ వెయ్యలేదు. ఉద్యోగం అడిగాకే అందరికీ సౌకర్యాలు గుర్తొచ్చాయి. తమరు అక్కర్లేదని నేననను. ఒకే బాత్రూం పదిమంది వాడుకునే చోట తమరే దిక్కు. కానీ హార్డ్‌వేర్ షాపులో దొరికే సరుకు కోసం సైన్యం ఆగిందంటే ఎలా నమ్మమంటారు?

మా కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో మొదలైంది. సైనిక్ స్కూళ్లన్నిటిలోకీ ఆడపిల్లల్ని రానిచ్చింది 2021-22లో. అన్నేళ్లూ వడ్రంగి దొరకలేదేమో పాపం. అదే నౌకాదళం తలుచుకున్నాక చూడండి, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే వచ్చే చిల్కాలో 2023 మార్చిలో 273 మంది అమ్మాయిలు అగ్నివీరులుగా శిక్షణ పూర్తిచేశారు. అక్కడ తమర్ని బిగించడానికి ఏ కోర్టూ ఎక్కాల్సిన పని పడలేదు.

చివరిగా ఒక విన్నపం. మా ఊరి గ్రౌండులో అగ్నివీర్ పరుగు ప్రాక్టీసు చేసే అమ్మాయిలు పొద్దున్న నీళ్లు తాగడం మానేశారు, ఎందుకో తమరికి చెప్పక్కర్లేదు. అక్కడ గది కట్టారు, తలుపూ పెట్టారు, తమరు మాత్రం ఇంకా జాయినవలేదు. కాస్త తొందరగా డ్యూటీలో చేరగలరు. టీఏ, డీఏ మేం చందాలేసుకుని ఇస్తాం.