రైడ్ మారాలి, గోదావరి ఉండాలి

జనం ఎక్కని రైడ్‌ను ఏం చేయాలన్నది అమ్యూజ్‌మెంట్ పార్కులు నడిపేవాళ్లకు ఎప్పుడూ ఉండే తలనొప్పే. ఇప్పుడది గోదావరి జిల్లాలకూ పట్టుకోబోతోంది. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెనను పర్యాటక స్థలంగా మార్చే అఖండ గోదావరి పనులకు 2025లో రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. ధవళేశ్వరం నుంచి దిండి దాకా, కడియం నర్సరీల నుంచి అంతర్వేది దాకా నదిని చూపించి జనాన్ని రప్పించాలన్నదే అందరి ఆలోచన. జనం వచ్చేచోటికి పిల్లల రైడ్లు, బోట్లు, ఊయలలు వాటంతట అవే వస్తాయి. వాటిలో కొన్ని ఆడతాయి, కొన్ని ఆడవు. ఆడనప్పుడు మనవాళ్లు చేసే పని తెలిసిందే. రైడ్‌తోపాటు ఆ చోటు థీమ్‌నూ పీకేసి, ఏ డైనోసార్ బొమ్మో తెచ్చి నిలబెడతారు. అది తప్పన్నది మా అభిప్రాయం. పులుసు చెడిందని పులసను తప్పుపట్టం కదా.

పార్కుల వ్యాపారంలో పండిపోయిన డిస్నీకి కూడా ఈ చిక్కు తప్పలేదు. ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ పార్కులో 1983లో ‘జర్నీ ఇంటు ఇమాజినేషన్’ అనే రైడ్ మొదలైంది. మనిషి ఊహాశక్తి అక్కడి థీమ్. ఫిగ్‌మెంట్ అనే చిన్న ఊదారంగు డ్రాగన్ అంటే పిల్లలకు ప్రాణం. 1998లో ఆ రైడ్‌ను మూసి, మరుసటి ఏడాది కొత్త రూపంలో తెరిచారు. రైడ్‌ను కురచ చేశారు, ఫిగ్‌మెంట్‌ను దాదాపుగా తీసేశారు. జనం మొహం చిట్లించారు. రెండేళ్లు తిరిగేసరికి, 2001 అక్టోబరులో అది మూతపడింది. ఊహాశక్తి అన్న థీమే పాతబడిందని ఎవరూ తీర్మానించలేదు. ఫిగ్‌మెంట్‌ను వెనక్కి పిలిచి, 2002 జూన్‌లో అదే భవనంలో మళ్లీ బండ్లు నడిపారు. మొట్టమొదటి రైడ్ చూసినవాళ్లు ఇప్పటికీ అదే బాగుండేదంటారు, అది వేరే సంగతి.

థీమ్ ఉంచితే చాలా? చాలదు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో భవిష్యత్తును చూపించే టుమారోల్యాండ్ ఉంది. అక్కడ 1967 నుంచి 1995 దాకా పీపుల్‌మూవర్ అనే నెమ్మది బండి ఎత్తున కట్టిన దారిలో తిరిగేది. తిరిగి తిరిగి కాళ్లు లాగేవాళ్లు ఎక్కి కూర్చునేవారు. 1998లో అదే దారి మీద రాకెట్ రాడ్స్ అనే వేగపు బండ్లు పెట్టారు. థీమ్ మారలేదు. ఎటొచ్చీ ఆ దారి నెమ్మది బండి కోసం కట్టినది. వేగంగా పోయే బండికి మలుపు దగ్గర దారి లోపలివైపు ఒరిగి ఉండాలి. అక్కడ చదునుగానే ఉంది. తిన్నగా ఉన్నచోట దూసుకుపోవడం, మలుపు రాగానే బ్రేకు, మళ్లీ ఒక్క దూకుడు, మళ్లీ బ్రేకు. రోజంతా ఇదే తంతు. టైర్లు అరిగిపోయాయి, బండ్లు మొరాయించాయి. 2000లోనే ఆపేశారు. ఆ ఎత్తు దారి మాత్రం ఇప్పటికీ ఖాళీగా నిలబడే ఉంది. పాత పునాది మీద కొత్త రైడ్ పెట్టి డబ్బు మిగుల్చుకుందామనుకునే ప్రతి కాంట్రాక్టరూ చదవాల్సిన కథ ఇది.

ఇంకో రకం కూడా ఉంది. ఎప్‌కాట్‌లోని నార్వే విభాగంలో మేల్‌స్ట్రామ్ అనే పడవ రైడ్‌ను 2014లో మూసేశారు. అవే పడవలు, అదే నీటి దారి వాడుకుని 2016లో ‘ఫ్రోజెన్’ సినిమా కథతో తెరిచారు. జనం విరగబడ్డారు. వ్యాపారం లెక్కన అది గెలుపే. కాకపోతే నార్వేను చూపించాల్సిన చోట ఎక్కడా లేని ఒక రాజ్యం వచ్చి కూర్చుంది. రేపు మన దగ్గర కూడా కోనసీమ అని బోర్డు పెట్టి లోపల ఏదో సినిమా సెట్టు వేస్తామనే పెద్దమనుషులు తప్పకుండా వస్తారు. టిక్కెట్లు తెగుతాయని లెక్కలు కూడా చూపిస్తారు.

అసలు మన దగ్గర థీమ్ అంటే పెయింటు అనే అర్థం స్థిరపడిపోయింది. ఎగ్జిబిషన్లో ఊగే కొలంబస్ పడవ ముక్కుకు రెండు కొబ్బరిచెట్లు గీసి, పైన ‘గోదావరి అందాలు’ అని రాస్తే పనైపోయిందనుకుంటారు. మే నెల మూడింటి ఎండలో ఆ ఇనుప సీటు మీద కూర్చోవాలంటే ముందు తువ్వాలు పరుచుకోవాలి. పిల్లాడు ఎక్కుతానంటాడు, ఎత్తు చాలదని గేటు దగ్గర ఆపుతారు. నాన్నమ్మకు కళ్లు తిరుగుతాయి. అమ్మ సంచులు పట్టుకుని కింద నిలబడుతుంది. ఇంటిల్లిపాదీ వస్తే ఎక్కేది ఇద్దరు. ఆ రైడ్ ఖాళీగా ఊగుతోందంటే తప్పు గోదావరిది కాదు. రైడ్ మార్చేముందు యాజమాన్యం ఓ నాలుగు ఆదివారాలు దిగే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే కారణం దానికే తెలుస్తుంది. కన్సల్టెంట్ల నివేదికకు పెట్టే ఖర్చుతో అక్కడ నీడకు షెడ్డు వేయొచ్చు.

జనానికి థ్రిల్ కావాలి, థీమ్ ఎవరిక్కావాలి అనేవారి మాటలోనూ కొంత నిజముంది. కానీ 2016లో తెరిచిన హైదరాబాద్ వండర్‌లాతో రోలర్‌కోస్టర్ల పోటీ పెట్టుకుని అమలాపురం గెలవలేదు. గెలవాల్సిన అవసరమూ లేదు. ఇక్కడ నీళ్లున్నాయి. ఆ నీళ్లను మళ్లించిన తెలివి ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా కాలువల్లో సాగునీరే కాదు, పడవలూ నడిచాయి. కాలువ సముద్రం వైపు పల్లానికి దిగుతుంటే పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చడానికి లాకులు కట్టారు. లాకుల ఊళ్లలో పెరిగినవాళ్లకు తప్ప అది ఎలా పనిచేస్తుందో ఈ తరం పిల్లలకు తెలియదు. దిగువ నుంచి పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల తూములు ఎత్తితే పైనీళ్లు లోపలికి చేరతాయి. పడవ కొద్దికొద్దిగా లేస్తుంది. ఇందాక తలెత్తి చూసిన పాచిపట్టిన గోడ నీళ్లలోకి దిగిపోతుంది, గట్టు మీద నిలబడినవాళ్ల కాళ్లు మన కళ్లకు ఎదురొస్తాయి. రెండువైపులా నీరు సమానం కాగానే ముందు తలుపులు తెరుచుకుంటాయి. పడవను పైకి లేపడానికి మోటారు అక్కర్లేదు, క్రేన్ అక్కర్లేదు. చంకలో బిడ్డ ఉన్న తల్లి, కర్ర పట్టుకున్న తాతయ్య, పదేళ్ల పిల్లాడు ఒకే పడవలో కూర్చోవచ్చు. కళ్లు తిరిగే రైడ్ తీసేసినచోట నడుం లోతు నీళ్లతో, చిన్న లాకుతో ఇలాంటిది ఎందుకు పెట్టకూడదు?

చిక్కు లేకపోలేదు. ఇది నిదానం. ఒక విడతకు పది నిమిషాలు పట్టి, పడవకు ముప్పై మంది ఎక్కుతారనుకుంటే గంటకు 180 మందే. సంక్రాంతి సెలవుల రద్దీకి అది ఏమూలకూ రాదు. పక్కపక్కన రెండు లాకులు కట్టి, ఒకదాంట్లో పడవ లేస్తుంటే రెండోదాంట్లో దిగేలా చూస్తే రెట్టింపవుతుంది. క్యూలో నిలబడ్డవాళ్లకూ ఆ లేచే పడవే కాలక్షేపం. ఇంజనీర్లు ఇంతకన్నా మంచి ఉపాయం చెబితే మరీ మంచిది.

ఒక్క మాట. ప్రతిదాన్నీ రైడ్ చేయనక్కర్లేదు. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు పచ్చటి చేలలోంచి, కౌశిక ఏరు దాటించి భుజాల మీద మోసుకొచ్చే ప్రభలు 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో రాష్ట్ర శకటంగా ఢిల్లీ దాకా వెళ్లాయి. వాటికి మోటారు బిగించి గిరగిరా తిప్పే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోవడం మంచిది.

ఇక భద్రత. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర పార్కులో ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. ఆ దుఃఖం ఈ జిల్లాలు మరిచిపోలేదు. పైగా ఇక్కడిది ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరలో బోల్టు తుప్పు పట్టడానికి ఎన్నో ఏళ్లు అక్కర్లేదు. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లనే నేలకూల్చిన సంగతి ఎత్తు రైడ్లు ప్రతిపాదించేవాళ్లకు గుర్తుండాలి. జనాదరణ లేని రైడ్‌కు ఆదాయం ఉండదు, ఆదాయం లేనిదానికి గ్రీజు కూడా పెట్టరు. ఖాళీగా తిరిగే రైడ్‌ను ఎలాగోలా ఇంకో సీజన్ లాగించడం అన్నిటికన్నా ప్రమాదం.

పుష్కరాల పేరుతో స్థలాలు లీజుకిచ్చే అధికారులు టెండర్ పత్రంలోనే కొన్ని షరతులు రాసుకోవాలి. ఆ చోటుకు ఏ థీమ్ అనుకున్నారో అది లీజు మొత్తానికీ కట్టుబాటు కావాలి. రైడ్ మార్చుకునే స్వేచ్ఛ నిర్వాహకుడికి ఉండాలి. మార్చేముందు పాత పునాది, దారి కొత్త బండికి పనికొస్తాయో లేదో ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పాలి. మూతపడిన రైడ్ ఇనుమును ఎన్ని రోజుల్లో తొలగించాలో కూడా అందులోనే ఉండాలి. గడువు దాటితే డిపాజిట్‌లో కోత వేయాలి.